స్వెటర్లు కలిపే మద్రాసీ ఆంటీ

మా అమ్మకి స్వెటర్ అల్లడం అంతంతమాత్రమే వచ్చు. అయినా డెబ్భైల్లో ఢిల్లీ ఆర్కేపురంలో మా బ్లాకు పిల్లలు వేసుకుని తిరిగిన స్వెటర్లలో చాలావాటి మీద ఆవిడ చెయ్యి పడింది. అల్లింది పంజాబీ ఆంటీలు, గఢ్వాలీ ఆంటీలు. వాళ్లు అల్లి ఇచ్చిన ముందు భాగం, వెనక భాగం, రెండు చేతులు కలిపి, మనిషి తొడుక్కునేలా చేసింది అమ్మ.

నాన్నకి సెంట్రల్ గవర్నమెంట్లో గుమాస్తా ఉద్యోగం. ఆర్కేపురం అంటే రామకృష్ణపురం. పేరు వింటే ఏ గుంటూరు జిల్లాలోనో ఉందనుకుంటారు. తీరా చూస్తే సెక్టారు నంబరు తప్ప తేడా తెలియని సర్కారీ క్వార్టర్లు. రెండు గదులు, చిన్న వరండా, సిమెంటు నేల. డిసెంబరు, జనవరి రాత్రుల్లో నాలుగైదు డిగ్రీలకు దిగిపోయేది. పగలు ఇంట్లో కంటే బయట ఎండలోనే నయం. అందుకని మగవాళ్లు ఆఫీసులకీ, పిల్లలు బళ్లకీ వెళ్లగానే ఆడవాళ్లందరూ మంచాలూ చాపలూ తెచ్చుకుని బ్లాకుల మధ్య గడ్డి మీద చేరేవాళ్లు. బఠాణీలు ఒలవడం, ముల్లంగి ముక్కల మీద ఉప్పు చల్లుకుని తినడం, అత్తగార్ల మీద చెప్పుకోవడం, అన్నీ అక్కడే. వీటన్నిటి మధ్యా ఊలు ఉండలు దొర్లుతుండేవి. ఉద్యోగాలు చేసే ఆడవాళ్లు లంచ్ టైములో సెక్రటేరియట్ లాన్లలో కూర్చుని అల్లుకునేవాళ్లు. చలికాలంలో కొన్ని సెక్షన్లలో ఫైళ్ల కంటే స్వెటర్లే త్వరగా కదులుతాయని నాన్న అంటుండేవారు.

అమ్మ 1964లో పెళ్లయి ఆ ఊరు వచ్చింది. సీదా, ఉల్టా అనే రెండు రకాల అల్లికలు, ఫందా అంటే సూది మీది ఉచ్చు, సలాయీ అంటే అల్లే సూది. కూరగాయల పేర్ల కంటే ముందు ఆవిడ నోటికి వచ్చిన హిందీ ఇదే. అల్లడం నేర్చుకుంది కానీ చెయ్యి సాగలేదు. ఒక వరస బిగుతుగా, ఒక వరస వదులుగా వచ్చేది. మా పై ఇంటి బీజీ చూసి నవ్వి, సూదులు లాక్కుని నాలుగు వరసలు వేసి ఇచ్చేది.

బీజీ అసలు పేరేమిటో మాకెవరికీ తెలియదు, కాలనీ మొత్తానికీ బీజీయే. 1947లో రావల్పిండి నుంచి పిల్లల్ని చంకనేసుకుని వచ్చిన మనిషి. 1962లో చైనా యుద్ధం వచ్చినప్పుడు ఢిల్లీ ఆడవాళ్లు జవాన్లకి స్వెటర్లు అల్లి పంపారు కదా, ఆ చలికాలం ఎన్ని అల్లానో లెక్కే పెట్టుకోలేదనేది. చూపు మన మొహం మీద, చేతులు ఒళ్లో. పదో నంబరు సలాయీతో ఒంటి భాగం, పన్నెండో నంబరుతో బోర్డరు. అది పాత ఇంగ్లీషు కొలత, నంబరు పెరిగేకొద్దీ సలాయీ సన్నబడుతుంది. మధ్యలో కోడలి మీద కేకలేసేది, కూరగాయల బండివాడితో బేరమాడేది, వరస మాత్రం తప్పేది కాదు.

కలపడం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆవిడకి ఒళ్లు మండేది. సూదీ దారం పట్టుకుని కూర్చోవడం దర్జీ పని అనేది. అల్లిన ముక్కలన్నీ ట్రంకుపెట్టెలోకి వెళ్లేవి. మనవడి స్వెటర్ ఒకటి అలా పెట్టెలో ఉండిపోయి, మళ్లీ తీసేసరికి చేతులు వాడి మోచేతులు దాటలేదు. మరీ అవసరమైతే నిజంగానే దర్జీకి ఇచ్చేది. అతను మిషను మీద చొక్కా కుట్టినట్టే జర్రున కుట్టేసేవాడు. అల్లిన బట్ట సాగుతుంది, మిషను కుట్టు సాగదు. పిల్లాడు బంతి కోసం చెయ్యెత్తాడంటే చంకలో టప్‌మని తెగేది. తెగకపోతే, మిషను పాదం కింద సాగిపోయిన అంచు అలలు అలలుగా లేచి నిలబడేది. అల్లిక ఎంత బాగున్నా వేసుకుంటే అరువు తెచ్చుకున్నట్టే ఉండేది.

ఒకరోజు అలా తెగిన స్వెటర్ పట్టుకుని బీజీ దర్జీని తిడుతుంటే, అమ్మ చేతిలోకి తీసుకుని తిరగేసి చూసింది. "ఇలా ఇవ్వండి బీజీ, నేను చూస్తాను" అంది.

ఆవిడకి ఆ ధైర్యం ఎక్కడిదంటే నరసాపురానిది. అమ్మ వాళ్లది నరసాపురం దగ్గర పల్లె. ఆ చుట్టుపక్కల ఇంటింటా లేసు అల్లేవాళ్లు. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీల ఆడవాళ్లు నేర్పిన పని అది. గోదావరి ఆడవాళ్ల చేతుల్లో పడి అక్కడే పాతుకుపోయింది. ఏజెంటు నూలు తెచ్చిచ్చేవాడు, అల్లింది పట్టుకెళ్లేవాడు, కూలీ లెక్క ముక్కకింత. పని మొత్తం ఒకళ్లే చేసేవాళ్లు కాదు. పువ్వులు అల్లేవాళ్లు వేరు, వాటిని చేర్చి టేబుల్ గుడ్డగానో దుప్పటిగానో చేసే అతుకుపని వాళ్లు వేరు. మా అమ్మమ్మ ఇంట్లో అందరిదీ అతుకుపనే. అమ్మకి పదేళ్లు రాకముందే పువ్వుకీ పువ్వుకీ మధ్య దారం ఎంత బిగించాలో వేళ్లకి తెలిసిపోయింది. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చిందని నేను పేపరు చదివి వినిపిస్తే, అతుకుపని గురించి ఏమైనా రాశారా అని అడిగింది. రాయలేదన్నాను. "రాయరులే" అని కాఫీ తాగింది.

అయితే నూలు వేరు, ఊలు వేరు. లేసు సాగదు కాబట్టి బిగించి వదిలేస్తే చాలు. స్వెటర్‌కి ఆ లెక్క పనికిరాదు. కింది ఇంటి తమిళావిడ దగ్గర ఒక పాత ఇంగ్లీషు అల్లికల పుస్తకం ఉండేది. అమ్మకి ఇంగ్లీషు కూడబలుక్కుని చదవడమే వచ్చు కానీ బొమ్మలు చూసి పని పట్టేసింది. దర్జీలా పైవైపులు రెండూ లోపలికి పెట్టి కుట్టకూడదని ఆ బొమ్మల్లోనే చూసింది.

ముక్కలు రెండూ పైవైపు మనకి కనిపించేలా మంచం మీద పక్కపక్కన పరిచేది. అంచున ఉన్న మొదటి ఫందాకీ రెండో ఫందాకీ మధ్య వేలితో కాస్త విడదీస్తే, లోపల అడ్డంగా సన్నటి దారాలు కనిపిస్తాయి, వరసకొకటి, నిచ్చెన మెట్లలా. ఎడమ ముక్కలో ఒక మెట్టు కిందనుంచి సూది దూర్చి తీయాలి. తర్వాత దానికి ఎదురుగా కుడి ముక్కలో ఉన్న మెట్టు. మళ్లీ ఎడమ. ఇటు సూది ఎక్కడ బయటికొచ్చిందో మళ్లీ అక్కడే లోపలికెళ్లాలి. రెండు అంగుళాల మేర దారం వదులుగానే ఉంచేది. ఆ దశలో చూసినవాళ్లు పాడుచేసిందనే అనుకుంటారు, రెండు ముక్కల మధ్యా దారాలు వేలాడుతుంటాయి. అక్కడ ఆగి, దారం కొస పట్టుకుని, పైకెత్తకుండా కుట్టు వెంబడే మెల్లిగా లాగేది. అంతే, రెండు అంచులూ ఒకదాని పక్కకొకటి వచ్చి చేరేవి. అంచు ఫందాలు రెండూ లోపలికి మళ్లిపోయేవి. పైన ఒకే అల్లిక. కుట్టు ఎక్కడుందో కళ్లు పొడుచుకున్నా కనిపించేది కాదు.

ఆ లాగే పని కోసం నేనూ తమ్ముడూ కొట్టుకునేవాళ్లం. అమ్మ అక్కడిదాకా కుట్టి ఆగితే, మా ఇద్దరిలో ఆరోజు ఎవరు అన్నం పారేయకుండా తిన్నారో వాళ్లకి కొస ఇచ్చేది. లాగడం అయ్యాక తను పట్టుకుని నిలువుగా ఒకసారి సాగదీసేది. "దారం బట్టతోపాటు సాగాలర్రా. బిగిస్తే తెగుతుంది, వదిలేస్తే నోరు తెరుస్తుంది" అనేది.

సూది కూడా మామూలు కుట్టు సూది కాదు. లావుపాటి సూది, బెజ్జం పెద్దది, మొన మొద్దుగా ఉండేది. పదునైన సూది అయితే ఊలు పోగు మధ్యలోంచి చీల్చుకుని పోతుంది, ఆ తర్వాత కుట్టు జరగదు. దారం మూరెడు కంటే పొడుగు తీసుకునేది కాదు. ఊలు పోగు అల్లిక లోంచి పదేపదే దూరుతుంటే నూగు రేగి, సన్నబడి తెగిపోతుంది. ముడి అసలు వేసేది కాదు. ఫందాలు ఎక్కించేటప్పుడే జానెడు దారం వదలమని ఆంటీలందరికీ చెప్పి ఉంచింది. ఆ దారంతోనే మొదలుపెట్టి, బోర్డరు కింది అంచులు కలిసేచోట ఎనిమిది అంకె వేసినట్టు ఒక చుట్టు చుడితే రెండూ సమానంగా కూర్చుంటాయి. మిగిలిన కొసల్ని కుట్టు లోపలే నాలుగైదు వరసలు దూర్చి కత్తిరించేది.

ఈ పనికి వెలుతురు కావాలి. స్కూలు స్వెటర్లు నేవీ బ్లూ అయితే ఇక చెప్పనక్కర్లేదు, బల్బు వెలుగులో ఆ మెట్లు కనిపించవు. మధ్యాహ్నం మూడు దాటితే అమ్మ నీలం, నలుపు పక్కన పెట్టేసి పసుపో గులాబీయో తీసేది.

బీజీకీ అమ్మకీ తగువు వచ్చిందంటే అది మొదటి ఫందా దగ్గరే. అక్కడి ఆడవాళ్లలో చాలామంది ప్రతి వరసలో మొదటి ఫందాని అల్లకుండా ఒక సూది మీంచి రెండో సూదికి ఊరికే జరిపేసేవాళ్లు. అంచు నీటుగా వస్తుందని. మఫ్లరుకైతే అది బాగానే ఉంటుంది. కలపాల్సిన ముక్కకి అలా చేస్తే రెండు వరసలకి ఒకే పొడుగాటి ఫందా వచ్చి, అంచు పక్కన మెట్లన్నీ వదులైపోతాయి. అల్లి తీరాలని అమ్మ, మా అమ్మ నాకిలాగే నేర్పిందని బీజీ. చివరికి ఒప్పందం ఏమిటంటే, అంచుకి ఒక ఫందా ఎక్కువ వేసి అది అల్లాలి. కుట్టులో లోపలికి పోయేది ఎలాగూ అదే కదా. బీజీ ఒప్పుకుంది కానీ, "మద్రాసీలకి మొండితనం ఎక్కువ" అని వెళ్లిపోతూ అంది. వింధ్య దాటాక ఉన్నవాళ్లంతా వాళ్లకి మద్రాసీలే. ఆంధ్రా అని అమ్మ మొదట్లో సరిదిద్దేది, తర్వాత మానేసింది.

అన్నిటికంటే కష్టం చేతులు ఎక్కించడం. మామూలు పలచటి ఊలుతో పదో నంబరు సూదుల మీద అల్లితే అంగుళానికి ఏడు ఫందాలు వస్తాయి, వరసలైతే తొమ్మిది. చేతి పైభాగంలో ఉండేవి మూసిన ఫందాలు, చంక చుట్టూ ఉండేవి వరసలు. ఒక ఫందాకి ఒక మెట్టు చొప్పున కుట్టుకుంటూ పోతే ముప్పావు దూరంలోనే చెయ్యి అయిపోతుంది, లేకపోతే గుత్తుగా ముడుచుకుంటుంది. అందుకే మూడు నాలుగు ఫందాలకోసారి రెండు మెట్లు కలిపి ఎత్తేది. ముందుగా భుజం కుట్టు దగ్గర చేతి నడిమి భాగాన్ని పిన్నీసుతో పెట్టేది. తర్వాత చంక దగ్గర రెండు వైపులా. తర్వాత వాటి మధ్యలో ఒకటి, మళ్లీ ఆ మధ్యలో ఒకటి. పిన్నీసులన్నీ పెట్టాక తమ్ముణ్ణి పిలిచి తొడిగి చూసేది. వాడు కదిలితే గుచ్చుకుంటుందని భయపడి, ఊపిరి బిగబట్టి నిలబడేవాడు. ఆ కాసేపే వాడు ఇంట్లో కుదురుగా ఉండేది.

ఏది ముందు, ఏది తర్వాత అనే క్రమం కూడా ఉంది. ముందు ఒక భుజం కలపాలి. తిన్నటి సూదులతో మెడపట్టీ అల్లాలంటే రెండో భుజం విప్పే ఉండాలి కాబట్టి ముక్క బీజీ దగ్గరికి వెనక్కి వెళ్లేది. మెడపట్టీ అయ్యాక రెండో భుజం, తర్వాత చేతులు, ఆఖరున మణికట్టు నుంచి చంక దాకా, చంక నుంచి నడుము దాకా ఒకే కుట్టు. భుజం దగ్గర మాత్రం అమ్మ గట్టిగా కుట్టేది. చేతుల బరువంతా అక్కడే వేలాడుతుంది, అక్కడ సాగితే స్వెటర్ మొత్తం కిందికి జారిపోతుంది.

కుట్టే ముందు తడిగుడ్డ పరిచి ఇస్త్రీ పెట్టె ఆనించేది, ముక్కలు చుట్టుకుపోకుండా. బోర్డరు జోలికి పోయేది కాదు, దాని సాగుడు పోతుందని. కాన్పూరు లాల్ ఇమ్లీ, లూధియానా ఓస్వాల్ ఊలుకి ఆవిరి బాగా పట్టేది. చవకని కొందరు కాష్మిలాన్ తెచ్చేవాళ్లు. అది అసలు ఊలే కాదు, యాక్రిలిక్ అనే కృత్రిమ దారం, వేడి తగిలితే చచ్చుబడి గుడ్డపీలికలా వేలాడుతుంది. ఏది ఏమిటో తెలియకపోతే చిన్న పోగు దీపం మీద పెట్టి చూసేది. ఊలు వెంట్రుక కాలిన వాసన వస్తుంది, కాష్మిలాన్ కరిగి ఉండ కడుతుంది.

చలికాలం మొదలైతే మా మంచం మీద ముక్కలే ముక్కలు. ఏది ఎవరిదో గుర్తుకి చీటీలు గుచ్చి ఉండేవి. నాన్న ఆఫీసు నుంచి వచ్చి కూర్చుందామంటే చోటుండేది కాదు. "ఇవెవరి చేతులే? ఊళ్లోవాళ్ల చేతులన్నీ మన మంచం మీదే ఉన్నాయి" అనేవారు. డబ్బులు ఎవరూ ఇచ్చేవాళ్లు కాదు, అమ్మ అడిగేదీ కాదు. దాని బదులు మా ఇంటి అల్లకం మొత్తం బీజీ వాళ్ల వంతు. మక్కీ రొట్టె, ఆవాకు కూర, లోహ్రీ పండగకి రేవడీలు మాకు వచ్చేవి. నెయ్యి కాచినప్పుడు గోకుడు కూడా గిన్నెలో పెట్టి పంపేవాళ్లు. అమ్మ ఇటు నుంచి ఆవకాయ పంపేది. ఒకసారి నాన్న, గంటకింత అని పెడితే మనం ఈపాటికి స్కూటర్ కొనేవాళ్లమని అన్నారు. అమ్మ వారం రోజులు సరిగా మాట్లాడలేదు. ముక్కకింత కూలీ అనే మాట విని విని పెరిగిన మనిషికి ఆ లెక్క మళ్లీ ఇంట్లోకి రావడం నచ్చలేదని నాకు పెద్దయ్యాక అర్థమైంది.

నాకు ఆ కుట్టులో ఇప్పటికీ ముచ్చటేసేది, అది విప్పడానికి వీలుగా ఉండడం. రెండేళ్లకి పిల్లాడు పొడుగయ్యేవాడు. అమ్మ కుట్టు కొస వెతికి పట్టుకుని, ఒక్కో అంగుళం దారం లాక్కుంటూ వస్తే ముక్కలు నాలుగూ ఎక్కడివక్కడ విడిపోయేవి, ఒక్క ఫందా జారకుండా. చేతులు పైనుంచి విప్పి, కలిసే రంగు ఊలు దొరికితే పొడుగు పెంచేవాళ్లు. మరీ చిన్నదైపోతే మొత్తం విప్పేసేవాళ్లు. నేను రెండు చేతులూ చాచి నిలబడితే బీజీ ఆ ఊలుని లచ్ఛీగా చుట్టేది. ఉతికి, తడిగా ఉండగానే కింద చెంబు కట్టి వేలాడదీస్తే వంకరలన్నీ పోయేవి. మర్నాటికి కొత్త ఉండ. అలా మా అక్క ఆకుపచ్చ స్వెటర్ నాకు చేతుల్లేని స్వెటర్ అయింది, నాది తమ్ముడికి టోపీ అయింది. మిషను మీద కుట్టిందయితే ఇదంతా కుదరదు. ముక్కలు కత్తిరించి అంచులు ఓవర్‌లాక్ చేసేస్తారు కాబట్టి విప్పితే అన్నీ తునకలే.

ఎనభైలకొచ్చేసరికి లూధియానా రెడీమేడ్ స్వెటర్లు దుకాణాల నిండా వేలాడాయి. 1982 ఏషియాడ్‌కి ఇళ్లలోకి కలర్ టీవీలు వచ్చాయి. మధ్యాహ్నం ఎండలో కూర్చునేవాళ్లు పలచబడ్డారు. బీజీ కొడుకుతోపాటు చండీగఢ్ వెళ్లిపోయింది. అమ్మ మంచం మీద చోటు దొరికింది, నాన్న హాయిగా కూర్చునేవారు. ఆయన రిటైరయ్యాక మేం హైదరాబాదు వచ్చేశాం.

హైదరాబాదు చలికి స్వెటర్ ఎంత కావాలో మీకు తెలుసు. అయినా ఏటా చలికాలం టిబెటన్లు స్వెటర్ల దుకాణాలు పెట్టగానే అమ్మ వెళ్లాలనేది. కొనడానికి కాదు. ప్రతి స్వెటరూ తిరగేసి చంక దగ్గర చూసేది. ఓవర్‌లాక్ అయితే పెదవి విరిచి మడతపెట్టేసేది. ఎక్కడో ఒకటి, ఫందాకి ఫందా మిషను మీద ఎక్కించి కలిపింది కనిపిస్తే "ఇది పరవాలేదు" అనేది. దుకాణం ఆవిడకి ముందు కోపం వచ్చేది. తర్వాత తర్వాత అలవాటైపోయి, అమ్మ కనిపించగానే స్టూలు వేసేది.

మా తమ్ముడి కూతురు ఇప్పుడు అమెరికాలో విస్కాన్సిన్‌లో ఉంటుంది. అక్కడి చలి ముందు ఢిల్లీ చలి ఎండాకాలం కింద లెక్క. అల్లడం నేర్చుకుంది. అసలు కుట్లే లేకుండా, వైరుతో కలిపిన గుండ్రటి సూదుల మీద స్వెటర్ మొత్తం ఒకేసారి అల్లేస్తారట. ఎలిజబెత్ జిమ్మర్‌మన్ అని వాళ్ల రాష్ట్రంలోనే ఉన్న ఒకావిడ ఈ పద్ధతిని టీవీలో కూడా చూపించి అమెరికా అంతా పాకించిందని చెప్పింది. కలిపే బాధ లేదు కదా అని దాని వాదన. బీజీ బతికుంటే ఎగిరి గంతేసేది. నేను రెండు రకాలూ వేసుకుని చూశాను. తేలికపాటి వాటికి గుండ్రటి అల్లకం బాగుంటుంది. బరువైన ఊలుతో చేసింది మాత్రం, పక్కల కుట్టూ భుజం కుట్టూ లేకపోతే ఒక చలికాలానికే ఒంటి మీద తిరిగిపోతుంది. ఇందులో అమ్మ పక్షపాతం కొంత ఉండొచ్చు.

పోయిన చలికాలం ఆ పిల్లే పంతం పట్టి నాలుగు ముక్కలుగా అల్లింది. వాళ్ల నాన్న పాత ఫోటోలో వేసుకున్న బూడిదరంగు స్వెటర్ లాంటిది కావాలని. కలపడం దగ్గర ఆగిపోయి వీడియో కాల్ చేసింది. అమ్మకి ఎనభై దాటాయి, ఫోన్లో మెట్లు కనిపించవు. "కిటికీ దగ్గరికి వెళ్లవే. ముందు పక్కపక్కన పరుచు. వేలితో విడదియ్యి. ఆఁ, కనిపించిందా? ఎత్తు. ఇప్పుడు అటుపక్కది" అంటూ గాల్లో వేళ్లు ఆడిస్తూ చెప్పుకొచ్చింది. లాగే చోటు వచ్చేసరికి నేను పక్కనుంచి "ఇప్పుడు లాగు" అన్నాను. ఆ పిల్ల లాగి, చూసి, "అయ్య బాబోయ్, ఎటు పోయింది నానమ్మా?" అంది.

చేతులు ఎక్కించడానికి ఇంకో రెండు ఆదివారాలు పట్టింది. పూర్తయ్యాక మంచులో నిలబడి తీసుకున్న ఫోటో పంపింది. చాలా బాగుంది, మా తమ్ముడు అందరికీ ఫార్వర్డ్ చేశాడు. నేను పెద్దది చేసి చూపిస్తే అమ్మ కళ్లజోడు పెట్టుకుని కాసేపు చూసి ఫోన్ నా చేతికిచ్చేసింది.

"వేసుకున్న ఫోటో నాకెందుకు? తిరగేసి చంక దగ్గర తీసి పంపమను."